ఊరంతా చంద్రకాంతమే

నేను ఒక కత్తినే గాని, నన్ను చూసి ఎవరూ పక్కకు తప్పుకోనక్కర్లేదు. నా పొడవు చూపుడు వేలంత. పుట్టి యాభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నేను కోసినదంతా మళ్లీ అతికించడానికి కోసిందే. నాటు మొక్క తల తీసేసి, మంచి చెట్టు నుంచి పుల్ల తెచ్చి, రెండు గాయాలూ ఒకదానికొకటి ఆనించి కట్టేస్తే, కొన్నాళ్లకు రెండూ ఒకే మొక్కయి చిగురిస్తాయి. దాన్ని అంటు కట్టడం అంటారు. నన్ను అంటుకత్తి అంటారు.

ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు నాకు. నన్ను పట్టుకున్న మనిషికీ లేదు. కానీ ఆయనకు ఒక జబ్బు ఉంది. తనకు నచ్చింది నలుగురికీ నచ్చిందంటే చాలు, ఇక అది తనకు రుచించదు. ఆ జబ్బు వల్ల ఆయన భార్య ప్రాణంగా చూసుకున్న చెట్టు ఒకటి పోయింది. దాన్ని తిరిగి తేవడానికి ఆయన పడిన పాట్లు పక్కనుండి చూసినదాన్ని నేనే కాబట్టి, నేనే చెప్పాలి.

కత్తి కాకముందు నేను రంపాన్ని. గోదావరి ఒడ్డున ఒక కోతమిల్లులో టేకు దుంగలు కోసేదాన్ని. ఒకరోజు దుంగలో ఎవరో కొట్టి మరిచిపోయిన మేకు తగిలి తెగిపోయాను. ముక్కలు కమ్మరి వీరభద్రాచారి కొలిమికి చేరాయి. ఆచారి ఒక ముక్కను కాల్చి, సాగగొట్టి, మూడు రోజులు అరగదీసి నన్ను చేశాడు. గేదె కొమ్ముతో పిడి వేశాడు. పిడి చివర గోరంత పలుచగా చెక్కాడు, బెరడు లేపడానికి. "చెట్లు పడగొట్టిన ఇనుమువి, ఇక మీద చెట్లు నిలబెట్టు" అని ఆచారి నాతో అన్నాడని చెప్తే బాగుంటుంది గాని, అనలేదు. చుట్ట వెలిగించుకుని పక్క పని చూసుకున్నాడు.

మొదట నన్ను కొన్నది నూకయ్య. ఒక పెద్దింటి తోటలో మాలి. నూకయ్య అంటు కట్టేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకునేవాడు. తన విద్య ఎవరి కంటా పడకూడదు. నేను తువ్వాలు కింద చీకట్లోనే పని నేర్చుకున్నాను. చూపు మందగించాక ఆ తోటలోనే పనిచేసే అబ్బులుకు నన్నిచ్చేశాడు. అబ్బులుకు అప్పుడు ఇరవై రెండేళ్లు. "ఎవరికీ చూపించకు" అన్నాడు నూకయ్య. అబ్బులు తలూపాడు. అబ్బులు దేనికైనా తలే ఊపుతాడు.

అబ్బులుది పాలచెట్టులంక. గోదావరి ఒండ్రు మేట వేసిన నేల. అక్కడ కట్టెల మోపు నాలుగు రోజులు వాకిట్లో ఉంటే చిగుళ్లు వేస్తుంది. అబ్బులు ఇంటికొచ్చి పెరట్లో గులాబీలు మొదలుపెట్టాడు. ముళ్ల నాటు గులాబీకి రంగు గులాబీల కన్ను, అంటే చిగురు మొగ్గ, అతికించేవాడు. ఒకే మొక్కకు ఎరుపూ పసుపూ తెలుపూ పూస్తుంటే దారినపోయేవాళ్లు ఆగిపోయేవారు.

ఆగినవాళ్లలో పక్కింటి తాతబ్బాయి ఒకడు, వరసకు మేనల్లుడు. ఇరవై దాటిన మనిషి, అప్పుడే పెళ్లయింది. గోడ మీద మోచేతులు ఆనించి, "మావయ్యా, అదెలా కడతారండి" అని అడిగాడు.

అబ్బులు కూర్చున్న బల్ల మీద కొంచెం జరిగాడు. తాతబ్బాయి గోడ దూకి ఆ చోట్లో కూర్చున్నాడు. నూకయ్యకు ఇచ్చిన మాట అక్కడితో అయిపోయింది. అడిగినవాడికి లేదనడం అబ్బులుకు చేతకాదు. మాటల్లో చెప్పడం అంతకన్నా చేతకాదు. జరిగి చోటివ్వడం ఒక్కటే వచ్చు.

రెండేళ్లలో ఊళ్లో సగం ఇళ్ల ముందు మూడు రంగుల గులాబీ. అబ్బులు ఒకరోజు వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. నన్ను కొబ్బరి నూనె గుడ్డతో తుడిచాడు. కిటికీ గూట్లో పెట్టాడు. నాలుగు నెలలు తీయలేదు.

ఆయన భార్య చంద్రకాంతం ఊరుకునే మనిషి కాదు. మొగుడు మాట్లాడని మాటలన్నీ ఆవిడే మాట్లాడాలి మరి.

"ఏవండీ, గులాబీలు మానేశారేంటి?"

"ఊఁ."

"ఏం?"

"అందరూ కడతన్నారు."

"అందరూ అన్నం తింటన్నారని రేపట్నించి అదీ మానేత్తారా?"

అబ్బులు అన్నం కలుపుకుంటూ ఆలోచించాడు. పెరుగు వడ్డించమని గిన్నె జరిపాడు.

తర్వాత మందారాల మీద పడ్డాడు. వాటికీ అదే గతి పట్టింది. ఆ తర్వాత రంగు ఆకుల క్రోటన్లు. అవి ఊరు దాటి జిల్లా దాటి పోయాయి, అబ్బులు వాటిని దాటి పోయాడు. ప్రతిసారీ నేర్పేది ఆయనే, విసిగేదీ ఆయనే. ఊరంతా ఆయన వదిలేసిన పనులతో బాగుపడింది. తాతబ్బాయి రోడ్డు పక్కన నర్సరీ పెట్టి, కాపురం కూడా అక్కడికే మార్చాడు. అబ్బులు ఆ వైపు చూసేవాడు కాదు.

మొదట్లో అది పొగరనుకున్నాను. ఏళ్లపాటు ఆయన అరచేతిలో ఉన్నాక వేరే సంగతి అర్థమైంది. అంటు కట్టాక పుల్ల బతికిందో లేదో తెలియడానికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ అబ్బులు పొద్దున్నే వెళ్లి మొక్క ముందు గొంతుక్కూర్చునేవాడు. ముట్టుకోడు, నీళ్లు చల్లడు, ఊరికే చూస్తాడు. ఆయన సుఖమంతా అందులో ఉంది. పదిమంది చేరి, ఇది బతుకుతుంది, అది చస్తుంది అని పందాలు వేసుకోవడం మొదలెట్టాక, ఆయన కూర్చోడానికి చోటు ఉండేది కాదు.

ఇక చెట్టు సంగతి.

పెళ్లయిన కొత్తలో చంద్రకాంతం అక్కగారి ఊరు పోతూ, కాలవ లాకుల దగ్గర ఒక ముసలావిడ అమ్ముతున్న మామిడిపండు తిన్నది. టెంక కొంగున కట్టుకుని వచ్చి, స్నానాల దడి వెనక, నీళ్లు పారే చోట పాతింది.

"టెంక పెడితే తల్లి గుణం రాదు" అన్నాడు అబ్బులు.

"రాకపోతే దాని గుణమే వత్తది. మీకేం?" అంది ఆవిడ.

ఏడో ఏట కాసింది. కాయ గుప్పెడంత. పండినా పచ్చగానే ఉంటుంది, వేలితో నొక్కితే గాని తెలియదు. టెంక రేకులా పలుచన. ఆకు నలిపితే సోంపు వాసన. అబ్బులు ఒక పండు తిన్నాడు. చెయ్యి కడుక్కోకుండానే వచ్చి నన్ను గూట్లోంచి తీశాడు. అప్పుడు నా పిడికి అంటిన రసం పూర్తిగా పోవడానికి రెండేళ్లు పట్టింది.

ఆ ఏడు ఇరవై అంట్లు కట్టాడు. చుట్టాలకు తలా ఒకటి ఇచ్చాడు. తాతబ్బాయికీ ఒకటి ఇచ్చాడు. పేరేం పెట్టాలో తట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా. పేరు పెట్టింది తాతబ్బాయి. ఒకరోజు నర్సరీ ముందు కొత్త బోర్డు లేచింది: "చంద్రకాంతం మామిడి. అసలు అంట్లు ఇచ్చట దొరుకును."

బోర్డు చూసొచ్చి చంద్రకాంతం పడీ పడీ నవ్వింది. అబ్బులు మాత్రం రెండు రోజులు ఇంట్లో కూడా ఆవిణ్ని పేరు పెట్టి పిలవలేకపోయాడు.

అయిదారేళ్లు తిరిగేసరికి ఆ మామిడి పేరు మోగిపోయింది. లారీలు వచ్చేవి. "నా పేరు లారీ ఎక్కి ఒరిస్సా పోయింది. నేను మాత్రం రాజమండ్రి దాటలేదు" అనేది చంద్రకాంతం. పుల్లల కోసం జనం దడి దగ్గర బారులు తీరేవారు. చెట్టు మేకలు మేసినట్టు తయారయింది. ఒక సాయంత్రం టీ కొట్లో ముక్కూమొహం తెలియని మనిషి, మోటారు సైకిలు దిగకుండానే, "చంద్రకాంతం ఈ ఏడు ఎలా ఉందండి" అని అబ్బుల్ని అడిగాడు. అబ్బులు సగం టీ బల్ల మీద పెట్టేసి లేచి వచ్చేశాడు.

వారం తిరక్కుండా తాతబ్బాయి శాలువా పట్టుకుని వచ్చాడు. నర్సరీల సంఘం వాళ్లు సన్మానం చేస్తారట. "అసలు చెట్టుకు మూలపురుషుడు మీరే గదండి" అన్నాడు.

"ఆ చెట్టు మాట నా దగ్గర ఎత్తకు" అన్నాడు అబ్బులు.

ఆ ఏడాది ఆయన మాట్లాడినవాటిలో అదే పెద్ద మాట. తాతబ్బాయి శాలువా మడత విప్పకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు గాని, గోడ దగ్గర ఆగడం మానేశాడు.

అబ్బులు పనస మొదలుపెట్టాడు. పనస మొండిది. పదికి ఎనిమిది చస్తాయి. దాని పాలు అంటుకుని నా మొహం నల్లబడింది. ఆయనకు మాత్రం ఆనందంగా ఉండేది, ఎందుకంటే ఊళ్లో ఎవరూ ఆ జోలికి రాలేదు. మామిడి చెట్టు వైపు మళ్లీ ఒక్కసారి కూడా నన్ను తీసుకెళ్లలేదు.

"మీరు మానేసుకుంటే మానేసుకోండి. చెట్టు నాది" అంది చంద్రకాంతం. నీళ్లు ఆవిడే పోసింది. చీమల పుట్టలు ఆవిడే తవ్వింది. మధ్యాహ్నాలు దాని కింద పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలిచేది. మొదలు చుట్టూ చెయ్యి వేసి తడిమేది, పశువును తడిమినట్టు.

కిందటి మాఘమాసంలో చంద్రకాంతం స్నానాల బండ మీద జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. కూతురు తునిలో ఉంటుంది. కాకినాడలో ఆపరేషన్ చేయించి, నడక వచ్చేదాకా తన దగ్గరే ఉండాలని తీసుకుపోయింది. అబ్బులు ఒంటరిగా వండుకుంటూ పనసలతో కాలం గడిపాడు.

రోజుకు రెండుసార్లు ఆ చెట్టు పక్కనుంచే పెరట్లోకి వెళ్లేవాడు. తల ఎత్తేవాడు కాదు. నేను ఆయన బొడ్లో ఉండేదాన్ని. చెట్టు మొదట్లో పిండి రాలినట్టు చెక్కపొట్టు పడుతోంది. ఒకనాడు చిటికెడు, నెల తిరిగేసరికి దోసెడు. కోతమిల్లులో పుట్టిన నాకు చెక్కపొట్టు తెలియదా. లోపల పురుగు తొలుస్తోంది. ఒక ఇనుప ఊచ కన్నంలోకి పోనిచ్చి పురుగును లాగేస్తే, మందు దూది కుక్కి మట్టి పూస్తే, చెట్టు దక్కేది. చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్న ఆయనకు చూపు అటు లేదు.

జ్యేష్ఠమాసంలో గాలి కూడా లేని ఒక ఉదయం పెద్ద కొమ్మ విరిగి పనస కుండీల మీద పడింది. అప్పుడు చూశాడు. ఆకంతా గోధుమరంగుకు తిరిగిపోయి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని నన్ను తీసి మొదట్లోని కన్నంలో దూర్చాడు. నా ఇనుప అలుగు సగందాకా అడ్డు లేకుండా లోపలికి పోయింది. చెట్టు లోపల చెట్టు లేదు.

పచ్చి పుల్ల ఒక్కటైనా ఉంటుందేమోనని నిచ్చెన వేసి కొమ్మకొమ్మా గీరి చూశాడు. ఎక్కడ గీరినా నా అంచుకు ఎండు చెక్కే తగిలింది.

ఆ సాయంత్రమే తుని నుంచి ఫోనొచ్చింది.

"అన్నం తింటన్నారా?"

"ఊఁ."

"చెట్టు కాసిందా?"

అబ్బులు దడి వైపు చూశాడు. "ఊఁ" అన్నాడు.

"నా వంతుకు రెండు కాయలు కోసి ఎండబెట్టి ఉంచండి. శ్రావణం ఆఖర్న వచ్చేత్తాను. కర్ర పట్టుకుని నడుత్తన్నాను."

యాభై ఏళ్ల కాపురంలో ఆవిడతో ఆయన ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఆడేంత మాట్లాడలేదు కూడా.

చెట్టును ఎలాగూ తేలేడు. కనీసం ఆ చెట్టు పుల్ల ఒకటి, అక్కడే, ఆవిడ వచ్చేసరికి చిగురు వేసి కనబడాలి. ఆ ఒక్కటీ ఆయన మనసులో పడింది. అదేమంత కష్టం అనుకున్నాం ఇద్దరమూ. ఊరంతా చంద్రకాంతమే గదా.

మర్నాడు మొదటి నర్సరీకి వెళ్లాడు. చంద్రకాంతం అని చీటీలు కట్టిన మొక్కలు వందల్లో ఉన్నాయి. ఒక ఆకు తుంపి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పక్క మొక్కది నలిపాడు. మూడోది. ఏమీ అనకుండా బయటికి వచ్చాడు. రెండో నర్సరీలోనూ అంతే. ఏ ఆకులోనూ సోంపు వాసన లేదు. అడిగేవాళ్లు వేలమంది, పుల్లలిచ్చే చెట్టు ఒక్కటి. చాలనప్పుడు సన్నాకు మామిడి ఏది దొరికితే అది కట్టి, ఆ చీటీ తగిలించారు. జనం మెచ్చింది పేరును. పేరుకైతే కొరత లేదు.

చుట్టాల ఇళ్లకు వెళ్లాడు. ఒకరు స్లాబు వేసినప్పుడు కొట్టేశారు. ఇంకొకరు స్థలం అమ్మేసుకున్నారు. ఒకావిడ, "మంచి పండే బాబాయ్, కోతులు పడతన్నాయని తీయించేశాం" అంది. ఎనిమిది రోజులు తిరిగాడు. ఎనిమిది రోజులూ నేను నడుముకు ఒరుసుకుంటూ ఉన్నాను, ఒక్కసారీ బయటికి రాలేదు.

మిగిలింది ఒక్కటి. మొదటి ఏడు తాతబ్బాయికి ఇచ్చిన అంటు. నర్సరీ వెనక, వాళ్ల సొంత పెరట్లో ఉంది.

ఆ చెట్టు మాట ఎత్తకు అని చెప్పింది ఎవరికో ఆ మనిషి గుమ్మంలోకే వెళ్లి అడగాలి. అబ్బులు వీధి మొగదాకా రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. మూడోసారి మిట్టమధ్యాహ్నం వెళ్లాడు. పనివాళ్లు భోజనాలకు పోయే వేళ అది. వెనక దడి సందులోంచి దూరాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, జీవితంలో మొదటిసారి దొంగతనానికి వచ్చి, ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

ఆకు నలిపాడు. సోంపు వాసన. కాసేపు చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

ఈ దొంగతనంలో ఒక చిక్కుంది. మామిడి పుల్లను ఒక్క పూటలో కోసుకుపోతే అంటుకోదు. ముందు ఆకులు కత్తిరించి, తొడిమలు వదిలి, పది రోజులు చెట్టు మీదే ఉంచాలి. అప్పుడు పుల్ల కండ పట్టి, మొగ్గ ఉబ్బుతుంది. అంటే దొంగ తన గుర్తు వదిలి వెళ్లి, పది రోజుల తర్వాత మళ్లీ అదే చోటికి రావాలి. అబ్బులు రెండు పుల్లలు ఎంచి ఆకులు నాతో కోశాడు. తొడిమ గోరంత వదిలాడు, ఎప్పుడూ వదిలినట్టే. చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

నాలుగో రోజు రోడ్డు మీంచి తొంగి చూశాడు. ఆ రెండు పుల్లలున్న కొమ్మకు ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉంది. అంటే ఎవరో చూశారు. కోసెయ్యడానికి గుర్తు పెట్టారేమో. ఆ రోజు వండుకున్న అన్నం కుక్కకు పెట్టాడు.

పదో రోజు మధ్యాహ్నం దడి సందులోంచి వంగి లోపలికి వెళ్లి, నడుం ఎత్తేసరికి, చెట్టు కింద స్టూలు మీద తాతబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో టిఫిను క్యారేజీ.

"రండి మావయ్యా" అన్నాడు.

అబ్బులు బొడ్లో ఉన్న నా మీద చెయ్యి కప్పాడు.

"చూశారండీ ఈ ఘోరం. ఎవడో దొంగోడొచ్చి నా చెట్టుకి ఆకులు గిల్లి పోయేడు. పది రోజులైంది. మళ్లీ వత్తాడు గదా అని కాపలా కాత్తన్నాను. ఇంట్లో అన్నం కూడా తినట్లేదండి, మీ కోడలు క్యారేజీ కట్టి పంపుతుంది."

"ఎవడో" అన్నాడు అబ్బులు.

"ఏమోనండి. పనోడు మాత్రం. తొడిమ చూడండి, గోరు కొలత. ఈ జిల్లాలో అలా కోసేవోణ్ని ఒక్కణ్నే చూశాను. ఆయన పక్కన కూచునే నేర్చుకున్నాన్లెండి."

"ఆ గుడ్డ?"

"మా పనోళ్లు చెయ్యి పెట్టకుండా కట్టానండి. ఈ చెట్టు పుల్ల నేనెవరికీ ఇవ్వను. మీ చెట్టును మేకల్లా మేసేశారు గదా జనం, దీన్నీ అలా చెయ్యనిత్తానా?"

"మరి రోడ్డు మీద అమ్మేది?"

తాతబ్బాయి క్యారేజీ మూత సర్దాడు. "అది చంద్రకాంతం చెల్లెలనుకోండి" అన్నాడు.

అబ్బులు మీసం కదిలింది. నవ్వేమో, నాకు కింద నుంచి సరిగా కనబడలేదు.

"అత్తమ్మ చెట్టు పోయిందంట గదండి" అన్నాడు తాతబ్బాయి నెమ్మదిగా.

"ఎవరు చెప్పారు?"

"మీరు ఊరు ఊరంతా ఆకులు వాసన చూసుకుంటా తిరిగితే ఒకరు చెప్పాలాండి? అందరికీ తెలుసు. తుని ఫోన్లో మాత్రం ఎవరూ అనలేదు. మా ఇంటిది అత్తమ్మతో అరగంట మాట్టాడి, ఆ మాట తప్ప అన్నీ చెప్పింది."

అబ్బులు నేల చూశాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి. "తాతబ్బాయ్, నాకు రెండు పుల్లలు" అని మొదలుపెట్టాడు.

"అడక్కండి మావయ్యా. అడిగి కోసిన పుల్ల బతకదంటారు మనోళ్లు. నేను అటు తిరుగుతాను. మీ పని మీరు చూసుకోండి."

స్టూలు ఎత్తుకుని అటు తిప్పి వేసుకుని, రోడ్డు మీద పోయే బస్సులను ఎంతో శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు. నేను రెండు పుల్లలు కోశాను. అంత పెద్ద శబ్దం నేను ఎప్పుడూ చెయ్యలేదు అనిపించింది.

చచ్చిన చెట్టు కింద, రాలిన టెంకల నుంచి లేచిన మొక్కలు ఉన్నాయి. వాటిలో రెండింటి తలలు తీసి, చీల్చి, పుల్లలు దిగేశాం. అబ్బులు చెయ్యి కొన్నేళ్లుగా వణుకుతోంది. మొదటి మొక్క మీద నేను పక్కకు జారాను. రెండోదానికి ఆయన ఊపిరి బిగబట్టాడు. ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైన సన్నటి కవరు తొడిగాడు. ఇక మూడు వారాలు.

ఈ మూడు వారాల సంగతే విచిత్రం. మర్నాడు పొద్దున్న అబ్బులు మొక్కల ముందు కూర్చుని ఉండగా పాలు పోసేవాడు దడి దగ్గర ఆగి చూసి పోయాడు. తర్వాత ఒకావిడ ఉప్పు అడగడానికి వచ్చింది, వాళ్లింట్లో బస్తా ఉప్పు ఉంది. ఒకతను మోటారు రెంచీ కోసం వచ్చాడు, అబ్బులు ఇంట్లో మోటారే లేదు. నర్సరీల వాళ్లు, దొంగ చీటీలు కట్టినవాళ్లతో సహా, ఏదో వంకన వచ్చి, మొక్కల వైపు ఓ చూపు చూసి, ఎండల గురించి మాట్లాడి వెళ్లారు. ఎవరూ పందెం వెయ్యలేదు. పన్నెండో రోజు మొదటి పుల్ల నల్లబడింది. ఎవరూ ఆ మాట అనలేదు. తాతబ్బాయి వచ్చి, నల్లబడినదాని పక్కన కాసేపు గొంతుక్కూర్చుని, లేచి వెళ్లాడు.

పూర్వమైతే ఇంతమంది చేరితే అబ్బులు లేచి ఇంట్లోకి పోయేవాడు. ఈసారి పోలేదు. సాయంత్రాలు ఎవరూ రాకపోతే ఒకటి రెండుసార్లు వీధి వైపు చూశాడు కూడా. నేను చూశాను.

పంతొమ్మిదో రోజు రెండో పుల్ల మొగ్గ విచ్చింది. రాగి రంగు చిగురు, గోరంత. అబ్బులు ఎవరికీ చెప్పలేదు. అయినా మధ్యాహ్నానికి తాతబ్బాయి ఇంటి నుంచి బూరెలు వచ్చాయి, ఎందుకో చెప్పకుండా.

శ్రావణం ఆఖరి శుక్రవారం చంద్రకాంతం ఆటో దిగింది. చేతికర్ర ఆనించుకుంటూ తిన్నగా పెరట్లోకి నడిచింది. దడి వెనక ఆకాశం ఖాళీగా ఉంది. ఎండు చెట్టును కొట్టించేశాక మొద్దు ఒక్కటే మిగిలింది. ఆవిడ దాని దగ్గరికి పోయి నిలబడింది. ఎప్పుడూ మాట్లాడే మనిషి మాట్లాడలేదు. ఆయనే మాట్లాడాల్సి వచ్చింది.

"పురుగు పట్టింది."

"ఫోన్లో కాసిందన్నారు."

"ఊఁ."

"పొట్టు రాలుద్ది గదా, చూళ్లేదా?"

"రోజూ పక్కనించే తిరిగాను. చూళ్లేదు" అన్నాడు అబ్బులు. "తప్పు నాదే."

చంద్రకాంతం కర్రతో మొద్దును ఒకసారి తట్టింది. డొల్ల శబ్దం వచ్చింది. అప్పుడు ఆయన చెయ్యి చాపి పక్కన మొక్కను చూపించాడు. అయిదు రాగి ఆకులు. ఆవిడ వంగలేక కర్ర మీద బరువేసి అలాగే చాలాసేపు చూసింది.

"పుల్ల ఎక్కడిది?"

"తాతబ్బాయి ఇంట్లోది."

"వాళ్లందరూ కడతన్నారనే గదా మీరు మానేశారు."

"నేను మానేశాను" అన్నాడు అబ్బులు. "వాడు మానలేదు."

ఆవిడ రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉంది. మూడో రోజు పీట తెచ్చి మొక్క పక్కన వేయించుకుంది.

కార్తీకంలో అతుకు గట్టిపడింది. అప్పుడు ప్లాస్టిక్ పట్టీ కోసెయ్యాలి, లేకపోతే పెరిగే కాండాన్ని అది నొక్కేస్తుంది. అబ్బులు చెయ్యి వణుకు చూసి, "ఇలా తెండి" అని చంద్రకాంతం నన్ను తీసుకుంది. యాభై ఏళ్లలో ఆవిడ నన్ను పట్టుకోవడం అదే మొదలు. వంకాయ కత్తి పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆయన సరిచెయ్యలేదు. పట్టీ తెగి రాలింది. రెండు చెట్లు కలిసిన చోట చిన్న బొడిపె తప్ప ఇంకేం లేదు.

"వచ్చే ఏడు ఇంకా కట్టాలి" అన్నాడు అబ్బులు. "పుల్లలు తాతబ్బాయి ఇత్తానన్నాడు."

"ఎన్ని?"

"ఇంటికొకటి."

ఆవిడ తలెత్తి చూసింది. "ఇంటింటికీ ఉంటే మళ్లీ మీకు మొహం మొత్తుద్ది."

ఆయన ఆలోచించాడు. ఈసారి పెరుగు గిన్నె ఏదీ దగ్గర్లో లేదు. "మొత్తితే నాకే గదా" అన్నాడు.

ఇప్పుడు నేను కిటికీ గూట్లో ఉన్నాను. అరిగి అరిగి నా అలుగు చింతాకంత సన్నబడింది. ఇంకో రెండుసార్లు నూరితే నాలో మిగిలేది పిడి మాత్రమే. పాలచెట్టులంకలో అరవై ఎనిమిది ఇళ్లున్నాయి. బయట అరుగు మీద అబ్బులు సానరాయి మీద నీళ్లు చల్లుతున్న చప్పుడు వినబడుతోంది.

రమ్మంటే నేను సిద్ధమే.